రెండో రంగంలో దొరసాని

ముసలాయన మడమ మీద కట్టు విప్పగానే గదంతా వాసన కమ్మింది. చక్కెర జబ్బు మనిషి. ఖర్జూరం తోటలో చెప్పుల్లేకుండా తిరిగి, ముల్లు దిగితే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. బ్యూలా పుండును సెలైన్‌తో కడిగి, అంచున తెల్లగా నానిన తోలును పట్టకారుతో ఎత్తిపట్టి, చిన్న కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరించింది. అడుగున ఎర్రటి కండ తేలేదాకా ఓపిగ్గా తీసి, మందులో తడిపిన గాజుగుడ్డను పుండులోకి నెమ్మదిగా అదిమింది. పక్కన ట్రే పట్టుకు నిలబడ్డ సఫియా, కొత్తగా డ్యూటీలో చేరిన ఒమానీ పిల్ల, మాటిమాటికీ మాస్కు సర్దుకుంటోంది. బ్యూలాకి ఏమీ అనిపించలేదు. చీము చూసి ముఖం చిట్లించడం ఆమె ఎరగదు.

కట్టు కట్టి, చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. అప్పుడు తిప్పింది కడుపులో.

వాట్సాప్‌లో పోస్టరు. పైన పావురం, పక్కన శిలువ, నట్టనడుమ సూటులో ఆమె మొగుడు ప్రేమచంద్. 'రూవి తెలుగు సహవాసము. స్త్రీల ఆదివారము, ఈ శుక్రవారము ఉదయము.' ఈ దేశంలో వాళ్ళ ఆరాధన శుక్రవారం గనక స్త్రీల ఆదివారం కూడా శుక్రవారమే వస్తుంది. దానికి ఇక్కడ ఎవరూ నవ్వరు. కింద పెద్ద అక్షరాల్లో, 'దొరగారి త్యాగము, నాటిక. రచన, దర్శకత్వము: బ్రదర్ ప్రేమచంద్.' ఆ కింద చీమ తలకాయలంత అక్షరాల్లో, 'సహకారము: సిస్టర్ ప్రేమచంద్.'

ఈ సిస్టర్ ప్రేమచంద్ ఎవరబ్బా అని బ్యూలా ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది.

నాటిక పేరు 'దొరసాని'. ఒకప్పుడు తమ లంక ఊరికి వచ్చిన మిషనరీ దొర పెళ్ళాం కథ. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య వంటగట్టు మీద కాగితాలు పెట్టుకుని, పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా లేవకుండా రాసింది తను.

సఫియా తొంగిచూసింది. "మీ ఆయన కదా సిస్టర్? ఎన్నికల్లో నిలబడుతున్నారా?"

"ఇంచుమించు అంతే" అంది బ్యూలా, ఫోన్ జేబులో వేసుకుంటూ.

సమాయిల్ ఊళ్ళో తమ ఇంట్లో ఆ సాయంత్రం ప్రేమచంద్ వంజరం చేప ముక్క చప్పరిస్తూ కూర్చున్నాడు. మస్కట్ నగరంలో రూవి పేటలో మందుల కంపెనీలో సేల్సు పని, రోజూ కారులో వెళ్ళి వస్తాడు. తిండి దగ్గర తొందర లేని మనిషి. ముల్లును అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ లాగి, దాని మీద ఇంకేమీ మిగల్లేదని నమ్మకం కుదిరాక కంచం అంచున పెట్టాడు. పెట్టిన ముళ్ళన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి.

"పోస్టరు చూశావా? కుమార్ చేసిచ్చాడు. బాగుంది కదా."

"నా పేరేదండీ?"

"ఉందిగా కింద."

"అది మీ పేరండీ."

ప్రేమచంద్ నవ్వాడు. ప్రార్థన కూడికల్లో చేతులు చాపి నవ్వే నవ్వునే ఇంట్లోకీ వాడతాడు. "నీ పేరూ నా పేరూ వేరా బ్యూలమ్మా? మనది ఏక శరీరం కదా."

ఆ ఏక శరీరం నోట్లో చేపముల్లు ఉంది. బ్యూలా చూపు దించుకుని కంచంలో అన్నం అటూ ఇటూ జరిపింది. సయించలేదు.

"ఇంకో సంగతి. దొర వేషం నేనే వేస్తన్నాను."

"మేరీకుమారి అక్క వేస్తంది కదండీ. టోపీ కూడా కొనుక్కుంది. ఆడవాళ్ళే అన్నీ జరిపించే ఆదివారం అది."

"ఆడమనిషి మీసం అంటించుకుని వాక్యం చెప్తే పెద్దయ్యగారి ముందు నవ్వులాటగా ఉంటది. అక్కకి ఆయా వేషం ఇద్దాం. ఆవిడ నోటికి అదే సరి."

పెద్దయ్యగారంటే ఇండియా నుంచి వస్తున్న రెవరెండు. ప్రేమచంద్‌ని ఈ సహవాసానికి పూర్తికాలపు పాస్టరుగా అభిషేకించాలా వద్దా అన్నది ఆయన మాట మీద ఉంది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరూ పైకి అనరు. కానీ ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఉప్పు కూడా అది చూసుకునే పడుతోంది.

తిండి మధ్యలోనే చెయ్యి కడుక్కొచ్చి ప్రేమచంద్ సంచిలోంచి కాగితాలు తీశాడు. ఆమె దస్తూరీ మీద అతని పెన్సిలు గీతలు. పేరాలకి పేరాలే కొట్టేసి ఉన్నాయి.

"నవలలు రాసేదని పెట్టావు. తీసేశాను. నవలలంటే లోకసంబంధం. పెద్దయ్యగారు ఏమనుకుంటారు?"

"నిజంగా రాసిందండీ ఆవిడ. వాళ్ళ దేశంలో జనం కొనుక్కుని చదివారు. పెళ్ళయి మా లంకలోకి వచ్చాక కథ అన్నది రాయలేదు. దొర పేరున వాళ్ళ సీమకి పోయిన రిపోర్టులన్నీ ఆవిడ రాసినవే. అది చెప్పడానికే కదా నాటిక."

"రాసింది ఎవరైతే ఏం, పని దేవుడిది. అసలు దొరసాని మరీ ఎక్కువ మాట్లాడతంది బ్యూలా. రెండో రంగంలో చనిపోతే బాగుంటది."

"కలరా వచ్చేది నాలుగో రంగంలో కదండీ."

"కలరా ముందుకి తెద్దాం."

పెళ్ళి ముహూర్తం జరిపినంత తేలిగ్గా అన్నాడు. బ్యూలా కాగితాలు తిరగేసింది. దొరసానికి మిగిలినవి రెండు మాటలు. మొదటి రంగంలో, 'టీ తెమ్మంటారా అండీ?' రెండో రంగంలో, 'నాకు పరలోకం కనిపిస్తోందండీ.' ఆ మాట అని చెయ్యి కిందికి వాల్చాలి. ఆపైన దొరగారు శవం పక్కన మోకరించి, నాలుగు పేజీలు మాట్లాడతారు.

"ఆ చివర కొంచెం నేను రాశాను" అన్నాడు ప్రేమచంద్ సిగ్గుపడుతూ.

అతను మళ్ళీ పీట మీద కూర్చుని కంచం దగ్గరికి జరుపుకున్నాడు. బ్యూలా నోరు దానంతటదే తెరుచుకుంది. "పెరుగు వెయ్యమంటారా అండీ?"

ఆ మాట విని తనే ఉలిక్కిపడింది. గిన్నెలోంచి గరిట తీసింది, వేసింది, గిన్నె మూత పెట్టింది. పుల్లటి వాసన ముక్కుకి కొట్టింది. అది పెరుగుదో తనదో తెలియలేదు.

రిహార్సలు బుధవారం సాయంత్రం, రూవిలో చర్చి కాంపౌండులో వాళ్ళకిచ్చిన హాలులో. వెళ్ళేసరికి జగిత్యాల వైపు మనిషి లచ్చన్న చెక్కలు ముందేసుకుని మంచానికి మేకులు కొడుతున్నాడు. కంపెనీలో వడ్రంగి పని చేసుకుంటూ బయట ఇలాంటివి ఒప్పుకుంటాడు. క్రైస్తవుడు కాడు. ఎవరు మంచం చెయ్యమన్నా చేస్తాడు.

"మేడం, గీ మంచం మీద ఎవలు పండుకుంటరు?"

"నేనే అన్నా."

"ఎంతసేపు?"

"చచ్చేదాకా కొంచెంసేపు. చచ్చినంక చాలాసేపు."

లచ్చన్న నోట్లో మేకులు తీసి నవ్వాడు. "అట్లయితే నడుమల ఇంకో పట్టె ఏస్త. సార్ మస్తు మాట్లాడ్తడంట గద."

మేరీకుమారి ఓ మూల కుర్చీలో కూర్చుని, తను కొనుక్కున్న దొర టోపీతో విసురుకుంటోంది. కాకినాడ మనిషి, మస్కట్‌లో పెద్ద ఆస్పత్రిలో ఆపరేషను థియేటరు నర్సు. బ్యూలాని పక్కకి లాక్కుంది.

"ఏవమ్మా, నీ మొగుడు నిన్ను చంపి ఏడుస్తాడంట కదా."

"టీ పెట్టాక చంపుతారక్కా."

"నయవే. కాఫీ పెట్టమన్లేదు." టోపీ ఒళ్ళో పడేసింది. నవ్వు ఆగిపోయింది. "ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. డ్యూటీ మానేస్తన్నావంట? పాస్టరు అమ్మగారివి అవుతున్నావని మావాళ్ళంతా అనుకుంటన్నారు. రిజైన్ రాసేశావని బ్రదరే కమిటీలో చెప్పాడంట."

బ్యూలా ఆ టోపీ తీసుకుని దాని అంచు సరిచేసింది.

"నీకు తెలీదా?" అంది మేరీకుమారి, గొంతు తగ్గించి. తెలియదని ఆ ముఖమే చెప్పింది. "ఛీ" అంది. ఎవర్నన్నదీ చెప్పలేదు.

రిహార్సలు మొదలైంది. బ్యూలా టీ తెమ్మంటారా అంది. మంచం మీద పడుకుంది. పరలోకం కనిపిస్తోందని చెయ్యి వాల్చింది. లచ్చన్న వేసిన కొత్త పట్టె వీపు కింద గట్టిగా తగిలింది. కళ్ళు మూసుకుని వింది.

ప్రేమచంద్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చునే ముందు జేబులోంచి బామ్ డబ్బీ తీసి, చూపుడువేలితో కళ్ళ కింద రాసుకున్నాడు. వాసన గుప్పున వచ్చింది. కాసేపటికి ముక్కు ఎగబీల్చాడు. కన్నీళ్ళు కారాయి. "ప్రియా" అన్నాడు. దొరసానికి ఓ పేరుందని ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. దొర ఎన్ని ఊళ్ళు తిరిగిందీ, ఎన్ని మైళ్ళు నడిచిందీ, పెళ్ళాం పోయినా పని ఆపక ఎలా నిలబడిందీ అన్నీ ఉన్నాయి. అతను వంగినప్పుడు చెమటా కన్నీరూ కలిసిన బొట్టొకటి ఆమె చెంప మీద పడి, చెవి వైపు జారింది. శవం కాబట్టి తుడుచుకోకూడదు. ఆ తడి చల్లగా, నెమ్మదిగా చెవి గూట్లోకి దిగింది. మొన్న ముసలాయన మడమలోంచి తీసిన కుళ్ళు ఇంతకన్నా శుభ్రం అనిపించింది.

ఆడవాళ్ళు కొందరు ముక్కులు తుడుచుకున్నారు. బామ్ ఘాటు హాలంతా పాకింది మరి.

తిరిగి వస్తుంటే ఎడమ చేతి వైపు రాతి కొండలు నల్లబడుతున్నాయి. ప్రేమచంద్ కారులో ఏసీ తగ్గించి, వెనక సీట్లోంచి శాలువా తీసి ఆమె భుజాల మీద వేశాడు. అతనిలో ఆ మంచితనం ఎప్పుడూ ఉంది. జ్వరమొస్తే కాళ్ళు పిసుకుతాడు. దాంతోనే వస్తుంది చిక్కు.

"నేను రిజైన్ చేస్తన్నానని చెప్పారంట."

అతను ముందున్న లారీని దాటి, "ప్రార్థనలో నాకు స్పష్టంగా తెలిసింది బ్యూలా" అన్నాడు.

"నాకు తెలియలేదేంటండీ?"

"తెలుస్తది. నువ్వు ఇంకా గట్టిగా అడగలేదు. అమ్మగారు ఊళ్ళో పుళ్ళు కడుగుతుంటే సంఘం ఏమనుకుంటది చెప్పు. రాసుకో హాయిగా. నా వాక్యాలు రాసిపెట్టు. నీకు ఎంత తీరికో చూడు."

బ్యూలా అద్దం కొంచెం దించింది. వేడిగాలి ముఖానికి కొట్టింది. లోపలి చల్లదనం కన్నా అదే హాయిగా ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని ప్రసంగాలకి కామాలూ ఫుల్‌స్టాపులూ పెడుతున్నది తనే. మొదట్లో అది ప్రేమే అనుకుంది. కామా దగ్గర మొదలై, మాటా, వాక్యమూ, ఆఖరికి ఏడవాల్సిన చోట ఏడుపూ తనే రాసిచ్చింది. అతని మీద వచ్చిన రోత తిరిగి తిరిగి తన మీదికే వచ్చి ఆగింది.

"అద్దం ఎత్తు బ్యూలా, దుమ్ము" అన్నాడు ప్రేమచంద్.

ఎత్తింది.

శుక్రవారం పొద్దున హాలు నిండిపోయింది. వెనక వరండాలో బిర్యానీ డేగిసాల మూతల మీద బరువులు పెట్టారు. ముందు వరసలో పెద్దయ్యగారు, తెల్లంగీలో, చెవి వెనక చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. ఆయనకి కొంచెం వినికిడి తక్కువ. పాటలు ఆడవాళ్ళు పాడారు. ప్రార్థన ఆడవాళ్ళు చేశారు. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో ప్రేమచంద్ పక్కన నిలబడి వేలితో చూపించాడు.

నాటికకి ముందు మైకు అందుకున్నాడు. దొర కోటు వేసుకున్నాడు, మీసానికి బూడిద రంగు పూశాడు.

"ప్రియులారా, ఆనాటి దొరసానమ్మ సమస్తం విడిచిపెట్టి భర్త వెంట నడిచింది. ఈ రోజు నా భార్య కూడా తన ఉద్యోగాన్ని ప్రభువు పాదాల దగ్గర పెడుతోంది. వచ్చే నెల నుంచి సంపూర్ణ సేవలో నాతో ఉంటది. చప్పట్లతో ప్రోత్సహించండి."

చప్పట్లు కొట్టారు. పెద్దయ్యగారు తల పంకించారు. తెర వెనక మంచం మీద కూర్చున్న బ్యూలా తెల్లగౌను అంచు మోకాళ్ళ మీద సర్దుకుంటోంది. మేరీకుమారి ఆయా వేషంలో బొట్టు లేని నుదురు తుడుచుకుంటూ ఆమె వైపు చూసింది.

మొదటి రంగం సాఫీగా జరిగింది. టీ తెమ్మంటారా అని అడిగింది. తెచ్చింది. దొరగారు తాగారు.

రెండో రంగం. లచ్చన్న తెర లాగాడు. బ్యూలా పడుకుని ఉంది. తల దగ్గర ఆయా. ప్రేమచంద్ నీళ్ళ గ్లాసుతో వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బామ్ అప్పటికే పని మొదలుపెట్టింది.

"ప్రియా, నీకేం కనిపిస్తోంది?"

బ్యూలా కళ్ళు తెరిచి పైకి చూసింది. సీలింగు కింద ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్కల అంచుల్లో నల్లటి మట్టి పేరుకుని ఉంది.

"ఫ్యాను కనిపిస్తోందండీ."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మరిచిపోయిందనుకున్నాడు ప్రేమచంద్. వంగి, పెదవులు కదలకుండా అందించాడు. "పరలోకం... పరలోకం."

"చూశానండీ. ఇంకా కనపడలేదు."

చెయ్యి వాల్చలేదు. పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందికి దించి, మోచేత్తో ఆనుకుని లేచి కూర్చుంది. ఆపరేషనైన మనుషుల్ని రోజూ ఆమె లేపి కూర్చోబెట్టే పద్ధతి అదే. దిండు వీపు వెనక పెట్టుకుంది.

"పడుకో" అన్నాడు ప్రేమచంద్, కన్నీళ్ళ మధ్య.

"వీలుపడదండీ. రేపు పొద్దున నాకు డ్యూటీ ఉంది."

ఈసారి నవ్వు బాహాటంగానే వచ్చింది. నర్సులు ఎక్కువ ఆ హాలులో. ఒకరిద్దరు నవ్వి, తరవాత నవ్వడం మానేసి ముందుకి వంగారు. పెద్దయ్యగారు పక్కనున్న కుమార్‌ని ఏమంది అని అడిగారు. "డ్యూటీ ఉందంటండి" అని కుమార్ ఆయన చెవిలో గట్టిగానే చెప్పాడు.

బ్యూలా కొట్టేసిన మాటల కోసం లోపల వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఎన్ని పూటలు కూర్చుని దిద్దిన మాటలు, పేరు కూడా లేకుండా పోయాయి. వాటి బదులు వేరేవి వచ్చాయి. అవి ఎవరూ దిద్దినవి కావు.

"నా పేరు ఆగ్నెస్" అంది. "ఈ లంకలో నన్ను ఆ పేరున పిలిచినవాళ్ళు లేరు. దొరసాని అంటారు. దొరకి చెందిన మనిషినని. మా దేశంలో నేను కథలు రాశాను. బాగానే రాశాను. పెళ్ళినాడు ఈయన, నీ కలం కూడా ప్రభువుకి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేశాను. తీరా చూస్తే అది ఈయన జేబులో ఉంది."

హాలులో ఫ్యాను చప్పుడు వినిపించింది.

"నిజవేనమ్మగారూ" అంది మేరీకుమారి ఆయా గొంతుతో, చెంగు బొడ్లో దోపుకుంటూ. "నాను సూత్తానే ఉన్నాను. రాసేది తవరు, సంతకం అయ్యగారిది."

"అమ్మగారనకు. పేరుందని చెప్పాను కదా."

మేరీకుమారి ఒక్క క్షణం తటపటాయించింది. "సెప్పు ఆగ్నెసూ" అంది. అనేసి, తను అన్నమాటకి తనే సంతోషపడి కింద కూర్చుంది.

ప్రేమచంద్ తెర వైపు చూసి తల ఊపాడు. లచ్చన్న తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఇంకోసారి ఊపాడు. లచ్చన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, హాలంతటికీ వినపడే గుసగుసతో, "అమ్మ ఇంక సావలే గద సార్" అన్నాడు.

బ్యూలా చెబుతోంది. లంకలో ఆడపిల్లల్ని వంటిళ్ళలోంచి పిలుచుకొచ్చి ఇసకలో అక్షరాలు దిద్దించడం గురించి చెప్పింది. వరదొచ్చి ఇసక కొట్టుకుపోతే మళ్ళీ దిద్దించడం గురించి చెప్పింది. తన కథల్లో మనుషులు మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి, మమ్మల్ని సగంలో వదిలేశావేమని అడుగుతారని చెప్పింది. గొంతు పెంచలేదు. మందు ఏ పూట ఎంత వేసుకోవాలో చెప్పే గొంతుతోనే చెప్పింది. మీసాల బూడిదరంగు ప్రేమచంద్ కన్నీళ్ళకి కరిగి గడ్డం దాకా చారలు కట్టింది. అతన్ని చూసి ఆమెకి జాలి వస్తుందేమోనని ఓ క్షణం ఆగింది. రాలేదు. కడుపులో తిప్పడం మాత్రం తగ్గింది.

"నేను పోయాక నా గోరీ మీద ఫలానా దొరగారి ప్రియభార్య అని రాయిస్తారు" అంది. "అందుకే పోవడం లేదు."

చప్పట్లు లేవు. ముందు వరసలో పెద్దయ్యగారు చెవి వెనక చెయ్యి తీసి, కర్ర మీద ఆనుకుని సగం లేచారు. వినికిడి తక్కువ మనుషులందరిలాగే గట్టిగా అడిగారు.

"చాలా బాగుందయ్యా. ఈ మాటలు ఎవరు రాశారు?"

కుమార్ పోస్టరు చేసిన మనిషి. చప్పున తల వంచుకున్నాడు. హాలులో ప్రతి ఫోన్‌లోనూ ఆ పోస్టరు ఉంది. అందరి కళ్ళూ ప్రేమచంద్ మీదికి తిరిగాయి. నేనే అంటే ఆ మాటలన్నీ అతనివి అవుతాయి. కాదంటే పోస్టరు అబద్ధమవుతుంది. అతను నోరు తెరిచాడు. అతనికి ఎప్పుడూ మాట కరువు కాలేదు.

"అంతా దేవుని కృప అండీ" అన్నాడు.

"కృప సరేనయ్యా" అన్నారు పెద్దయ్యగారు. "రాసింది ఎవరని?"

బ్యూలా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతని వైపు చూసింది. మాట అందించలేదు. ప్రేమచంద్ చేతిలో నీళ్ళ గ్లాసు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు. మోకాళ్ళ మీద అలాగే కూర్చుని, చావబోయే మనిషి కోసం తెచ్చిన నీళ్ళు తనే గడగడా తాగేశాడు.